రెండు గంటల కాపీ

ఆ బస్సు డిపోలో అందరూ ఆమెని చార్టక్క అనేవాళ్లు. రేపు ఏ బస్సు ఏ డ్రైవరు తోలాలి, తోడుగా ఏ కండక్టరు ఎక్కాలి, ఎవరికి సెలవు, ఎవరికి తెల్లవారుజాము బండి, ఇదంతా ఒక కాగితం మీదికెక్కి మధ్యాహ్నం మూడున్నరకల్లా విశ్రాంతి గది తలుపుకి అతుక్కునేది. అదే చార్టు. దాని వెనకున్న మనిషి ఆమె. నలభై మూడేళ్లు, పొట్టి మనిషి, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు, చేతిలో ఎప్పుడూ సగం చల్లారిన టీ. నూట పన్నెండు మంది సిబ్బందిలో ఆమెకి ఎదురుచెప్పినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ మర్నాటికి మానేశారు.

ఆమె కాలేజీ చదువు రెండో ఏడు సగంలో ఆగిపోయింది. అందులో పెద్ద విషాదగాథేమీ లేదు. నచ్చలేదు, మానేసింది. రిజిస్టరు రాసే ఉద్యోగంలో చేరింది. అప్పట్లో చార్టు వేసేది పెద్ద గుమాస్తా. ఆయన దగ్గర పుస్తకం లేదు, పట్టిక లేదు, అంతా బుర్రలోనే. ఫలానా డ్రైవరుకి మోకాలు అరిగింది, స్టాపులెక్కువున్న రూటు వేయకు. ఫలానా బావా బావమరుదులకి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు, ఇద్దర్నీ ఒక బండి ఎక్కించకు. ఇలాంటివి వందలు. ఆయన రిటైరయ్యే ఏడాది ఆమెకి భయం పట్టుకుంది. ఈయన వెళ్తే ఈ బుర్ర కూడా వెళ్లిపోతుంది కదా అని.

అందుకని ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. డిపోలో మూలనపడ్డ కంప్యూటరు, ఊరికే దొరికే పాఠాలు, బోలెడు తప్పులు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు కొట్టుకుంటూ కూర్చుంటే డ్రైవర్లు కిటికీలోంచి తొంగిచూసి, "అక్కా, దెయ్యంతో మాట్లాడుతున్నావా?" అని నవ్వేవాళ్లు. మొదటి చార్టు ఒకే డ్రైవరుకి మూడు బస్సులిచ్చింది. రెండోది అందరికీ సెలవిచ్చింది. ఆ రోజు ఆమెకి వచ్చినన్ని ఆశీర్వాదాలు ఎవరికీ వచ్చుండవు. ఏడాదికి దారికొచ్చింది. ఆరేళ్లకి అందులో మూడు వందల నలభై నియమాలు పోగయ్యాయి.

కొన్ని నియమాల కింద పెద్ద గుమాస్తా అన్న మాట ఒకటి టైపు చేసి పెట్టుకునేది. మిషను ఆ లైన్లు చదవదు, దాటుకుంటూ పోతుంది. అవి మనిషి కోసం. ఎడమచెవి సరిగ్గా వినపడని డ్రైవరు ఒకడున్నాడు. అతని నియమం కింద ఇలా ఉండేది: "ఇతని పక్కన సన్నగొంతు కండక్టర్ని పెడితే బస్సు ఆగదు, కండక్టరు గొంతే ఆగుతుంది." రెండేళ్ల కిందట పెద్ద గుమాస్తా పోయాడు. నలభైకి పైగా అలాంటి మాటలు ఆ ఫైల్లో మిగిలాయి. పని తెగని రోజున ఆమె ఆ ఫైలు తెరిచి ఊరికే రెండు మూడు చదువుకునేది.

ఇంకొక అలవాటు కూడా ఆయన పెట్టిందే. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ రిజిస్టరు మొత్తం ఇంకో పుస్తకంలోకి ఎక్కించి తాళాల గదిలో పెట్టేవాడు. ఆమె దాన్ని పెన్‌డ్రైవ్‌కి మార్చింది. బస్సు తాళాలు వేలాడే చెక్కపలక మీద ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా మేకులుంటాయి. ఒకటికి ముందు ఇంకో మేకు కొట్టించి, దానికి పెన్‌డ్రైవ్ తగిలించింది. డ్రైవర్లు తాళాలు తగిలిస్తూ, తీస్తూ ఉండే సందడిలో ఆమె వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, పాత కాపీ మీద కొత్త కాపీ ఎక్కించి, మళ్లీ మేకుకి తగిలించేది. ఆరేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా రెండింటికి వచ్చి కాపీ తీసి ఇంటికెళ్లి పడుకుంది.

అలాంటి చోటికి ట్యాగు బాబు వచ్చాడు.

హెడ్డాఫీసు ఎవరో కంపెనీతో మాట్లాడుకుని, చార్టులకి కొత్త సిస్టం చేయమని పంపించింది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. మెడలో కంపెనీ ట్యాగు. చెయ్యి కడుక్కునేటప్పుడు కూడా తీయడు, భుజం మీదికి తిప్పుకుంటాడు. మాట మెత్తన. "అక్కా, అక్కా" అంటూ పక్కన ఇంకో కంప్యూటరు పెట్టుకుని మూడు వారాలు కూర్చున్నాడు. ఆమె ప్రోగ్రాం చూసి, "చాలా బాగుందక్కా, కాకపోతే పాత పద్ధతి" అన్నాడు. అంటే బాగా లేదనే.

ఒక సోమవారం మూడింటికి ఆమె మర్నాటి చార్టు వేద్దామని ప్రోగ్రాం నడిపింది. తెరమీద ఒకే ఒక్క లైను వచ్చింది. 'స్వాగతం! మీ కొత్త ప్రాజెక్టు సిద్ధంగా ఉంది.'

ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ నడిపింది. మళ్లీ స్వాగతమే.

"బాబూ, ఇదేంటో చూడండి. ఆరేళ్లుగా ఇక్కడే చస్తుంటే ఇవాళ నాకు స్వాగతం చెప్తోంది."

ట్యాగు బాబు వంగి చూశాడు. రోగి చుట్టాలకి కబురు చెప్పే డాక్టరులా మొహం పెట్టాడు. "అయ్యో. డిస్కు పోయినట్టుందక్కా. పాత డిస్కులింతే, చెప్పాపెట్టకుండా పోతాయి."

"డిస్కు పోతే స్వాగతమంటుందా?"

"అదీ... లోపల చెడిపోయినప్పుడు ఏవేవో చూపిస్తుందక్కా. చెప్తే పెద్ద కథ."

ఆమె నియమాల ఫైలు తెరిచింది. మూడు వందల నలభై నియమాల చోట నాలుగు లైన్లున్నాయి. నాలుగోది: 'మీ నియమాలు ఇక్కడ రాయండి.' పరుగున వెళ్లి మేకు మీది పెన్‌డ్రైవ్ తెచ్చింది. అందులోనూ ఆ నాలుగు లైన్లే. రెండింటికి తన చేత్తో తీసిన కాపీ. మంచి కాపీ మీద చచ్చిన కాపీని తానే ఎక్కించుకుంది.

మేనేజరు వచ్చాడు, విన్నాడు, గడ్డం గోక్కున్నాడు. మంచివాడే, కానీ గోడమీద పిల్లి. "పోనీలేమ్మా, ఎలాగూ కొత్త సిస్టం వస్తోంది. గురువారం నుంచి దాన్నే పెట్టేద్దాం. శనివారం హెడ్డాఫీసు మేడం చూడ్డానికొస్తున్నారు కూడా. నీ ప్రోగ్రామంటావా, పాతదైపోయింది, తనంతట తనే కూలిపోయింది. నిన్ను వచ్చే నెల్నించి పోయిన సామాన్ల గదికి వేస్తాలే. హాయిగా ఉంటుంది."

బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు పడుండే గది అది. అక్కడ హాయిగా ఉండేవి గొడుగులే.

ఆ సాయంత్రం ఆరింటిదాకా కూర్చుని మంగళవారం చార్టు చేత్తో రాసింది. గుర్తున్నంత గుర్తుంది, మిగతాది తడుముకుంది. పాత చార్టులు బీరువా నిండా ఉన్నాయి. కానీ వాటిలో ఎవరికి ఏ బండి పడిందో ఉంటుంది గానీ, ఎందుకు పడిందో ఉండదు. ఆ 'ఎందుకు' అంతా ఫైల్లోనే ఉంది.

మర్నాడు బస్సులో వస్తుండగా ఆమెకి ఒక చిన్న అనుమానం తగిలింది. డిస్కు పోతే అన్నీ పోవాలి. తను రాసుకున్న ఉత్తరాలున్నాయి, సెలవు చీటీలున్నాయి, కూతురి పుట్టినరోజు ఫోటోలున్నాయి. పోయినవి నాలుగే ఫైళ్లు. దొంగ ఇల్లంతా వదిలేసి, నాలుగు గిన్నెలెత్తుకుపోయి, వాటి చోట నాలుగు కొత్త గిన్నెలు పెట్టిపోయాడంటే అది దొంగతనం కాదు, ఇంకేదో.

డిపోలో ఇంకా ట్యాగు బాబు రాలేదు. ఆమె నల్ల తెర తెరిచి, పైకి బాణం ఉన్న మీట నొక్కింది. అది నొక్కితే ఇంతకుముందు ఆ తెరమీద కొట్టిన లైన్లు ఒక్కొక్కటిగా వెనక్కి వస్తాయి. ఆమె ఒక లైను కొట్టిందంటే అది అక్కడ ఉంటుంది. ఆ రోజు తను కొట్టని లైన్లు వచ్చాయి.

రిజిస్టరు గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? టైము లేని ఎంట్రీ ఎంట్రీయే కాదని పెద్ద గుమాస్తా అనేవాడు. అందుకే ఆమె మొదటి వారంలోనే ఆ తెరమీద ప్రతి లైనుకీ టైము పడేలా పెట్టుకుంది. సోమవారం లైన్లు ఇలా పడున్నాయి. ఆ పొద్దున్న ఆమె మేనేజరు గదిలో ఉండగా, కొత్త సిస్టం ఇందులోనూ పెట్టి చూస్తానని ట్యాగు బాబు ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

పదకొండూ ముప్పై ఎనిమిది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే పనిముట్టుని ఎవరో పిలిచారు. ఆమె ఫోల్డర్లో, ఆమె తెరమీద. అది ట్యాగు బాబు కంపెనీ పనిముట్టు. పిలిస్తే చాలు, ఖాళీ ఫైళ్లు వరసగా పేర్చి పెడుతుంది.

పదకొండూ ముప్పై తొమ్మిది. మళ్లీ అదే లైను, చివర్న ఒక మాట తోక తగిలించి: ఫోర్స్.

ఆమె పక్కనే ఒక ఉత్తుత్తి ఫోల్డర్లో అవే పేర్లతో నాలుగు ఫైళ్లు పెట్టి, ఆ మొదటి లైను తానే కొట్టి చూసింది. పనిముట్టు ఆగిపోయింది. 'ఈ పేర్లతో నాలుగు ఫైళ్లు ముందే ఉన్నాయి. పని ఆపేశాను' అంది. తోక తగిలించి కొట్టింది. నోరెత్తకుండా నాలుగింటి మీదా కొత్తవి రాసేసింది. పాపం, పనిముట్టు తప్పేం లేదు. అది హెచ్చరించింది. ఇతనే నోరు ముయ్యమన్నాడు.

అంతదాకా అయితే సరే. తన ఫోల్డర్లో ఉన్నాననుకుని ఆమె ఫోల్డర్లో కొట్టాడు, ముందున్నవి తన పాత ప్రయత్నం తాలూకు చెత్త అనుకున్నాడు. చేతులు జారని వాడెవడు? ఆమె కూడా ఒకప్పుడు డిపో మొత్తానికి సెలవిచ్చిన మనిషే.

కానీ ఇంకా కిందికి చూసింది.

పదకొండూ యాభై రెండు. ఆమె నియమాల ఫైలు తెరిచాడు. పదకొండూ యాభై మూడు, మళ్లీ తెరిచాడు. పదకొండూ యాభై ఆరు నుంచి పన్నెండూ ఇరవై దాకా, పోయింది వెనక్కి తెచ్చేందుకు తెలిసిన తంటాలన్నీ పడ్డాడు. ఏదీ పనిచేయలేదు.

దాని కింద రెండూ నాలుగు. కాపీ. ఆ లైను ఆమెదే.

చార్టక్క కుర్చీలో వెనక్కి వాలింది. సోమవారం రెండు గంటల వేళ ఆమెకి కళ్లకి కట్టినట్టు గుర్తొచ్చింది. తాళాల చప్పుడు. మేకు మీంచి పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చింది. కంప్యూటరు డబ్బా బల్ల కింద, వంగాలి. ట్యాగు బాబు కుర్చీ జరిపి, చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వండక్కా, మీకు వంగడం కష్టం, నేను పెడతా." పెట్టాడు. పైగా ఏమన్నాడు? "రోజూ కాపీ తీస్తారా? మంచి అలవాటక్కా."

అప్పటికి ఆ పెన్‌డ్రైవ్‌లో ఆదివారం నాటి కాపీ నిక్షేపంగా ఉంది. 'అక్కా, ఆగండి' అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అంటే తన తప్పు బయటపడుతుంది. అనకపోతే డిస్కు మీదికి పోతుంది. రెండు నిమిషాల్లో లెక్క కట్టుకుని, తన చేత్తో గుచ్చి, ఆమె చేత మీట నొక్కించాడు.

ఆమె ఆ పేజీ అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టి, కళ్లజోడు డబ్బాలో దాచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. రోజంతా మనుషుల్ని పైకీ కిందికీ తిప్పేవాటిని బాగుచేసీ చేసీ అతనికి దేనిమీదా పట్టుదల లేకుండా పోయింది. "పోనీవే. రేపెళ్లి మేనేజరుకి ఆ కాగితం చూపించెయ్. కుర్రాడు సారీ చెప్తాడు, అయిపోతుంది."

"సారీ ఎవరిక్కావాలండీ?"

వంటగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. డెబ్బై ఆరేళ్లు. ఎదురింటావిడ అరువు తీసుకున్న గొడుగు విరగ్గొట్టి, గాలికి విరిగిందందని పద్దెనిమిదేళ్లుగా ఆ వాకిలి వైపు చూడని మనిషి. "అమ్మాయ్, వాడి మాట వినకు. పోనీ పోనీ అనుకుంటే పోయేది మనదే. ఇప్పుడు చెప్తే గదిలో నలుగురికి తెలుస్తుంది. వాడు నీ పని చచ్చిందని ఎంతమందిలో చెప్పాడు?"

"డిపో మొత్తానికి తెలుసత్తయ్యా."

"అయితే డిపో మొత్తం ఉన్నప్పుడు చెప్పు. పిండి నానకముందే రుబ్బితే ఏమొస్తుంది, చెయ్యి నొప్పి తప్ప?"

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు కొడుకు.

"నువ్వే ఊరుకోరా. లిఫ్టులా మధ్యలో ఆగుతావు, అటు కాదు, ఇటు కాదు."

బుధవారం ట్యాగు బాబు భోజనానికి వెళ్తూ తన తెర మూయకుండా వెళ్లాడు. చార్టక్క లేచి వెళ్లి అతని కుర్చీలో కూర్చుంది. అతని ఫోల్డరే. అతని పనిముట్టే. ఆ లైను మొత్తం కొట్టింది, చివర్న ఫోర్స్ కూడా. వేలు మీట మీద పెట్టింది. అర నిమిషం అలాగే ఉంది. తర్వాత ఒక్కో అక్షరమే చెరిపేసి లేచింది.

దయ అనుకునేరు. అదేం కాదు. అతని పని కంపెనీ వాళ్ల దగ్గర ఇంకో చోట కూడా భద్రంగా ఉందని ఆమెకి తెలుసు. పది నిమిషాల్లో తెచ్చుకుంటాడు. తగలని దెబ్బ కొట్టి చెయ్యి నొప్పెట్టుకోవడమెందుకు?

భోజనం నుంచి వచ్చి అతను మెల్లిగా కదిపాడు. "అక్కా, మీ నియమాలు గుర్తున్నవి ఒక పేజీలో రాసిస్తారా? కొత్తదాంట్లో పెడదాం."

"ఎందుకు బాబూ? మీ సిస్టంలో అన్నీ ఉంటాయన్నారుగా."

"ఉంటాయనుకోండి. మాది సమాన పంపిణీ. అందరికీ అన్ని రూట్లూ వంతులవారీగా వస్తాయి. పక్షపాతం ఉండదు."

"అంతకంటే ఏం కావాలి? కానివ్వండి," అంది నవ్వుతూ. ఆమె అంత తియ్యగా నవ్వితే డ్రైవర్లయితే ముందే సెలవు పెట్టేవాళ్లు. ఇతనికి తెలియదు పాపం.

ఒక పని మాత్రం చేసింది. సాయంత్రం ముగ్గుర్ని విడివిడిగా పిలిచింది. సూది మందు వేసుకుని టైముకి తినాల్సిన డ్రైవరు, ఎదురు లైటు పడితే చూపు చెదిరే డ్రైవరు, ఏడో నెల నడుస్తున్న కండక్టరమ్మ. "రేపట్నుంచి చార్టులో ఏం పడినా మీరు నేను చెప్పిన బండే ఎక్కండి. మార్పిడి చీటీ మీద సంతకం నేను పెడతా." ప్రాణాల మీదికొచ్చేవి ఆ మూడే. మిగతావాళ్లకి జరిగేది ఒళ్లు మండడమే. మండనీ అనుకుంది. మండాలి కూడా.

బుధవారం సాయంత్రం తలుపుకి కొత్త చార్టు ఎక్కింది, రంగుల్లో. గురువారం పొద్దున్న ఆరింటికల్లా డిపో అగ్గిమీద గుగ్గిలం.

బావ డ్రైవరు, బావమరిది కండక్టరు, ఇద్దరూ ఒకే బండి. అందులోనూ అన్నిటికంటే పొడుగు రూటు. బావమరిది "రైట్" అనడు. ముందు సీట్లో కూర్చున్న ముసలాయనతో, "తాతా, బండి పోనివ్వమని ఆయనకి చెప్పు" అంటాడు. బావ, "తాతా, తలుపేశాడో లేదో కనుక్కో" అంటాడు. తాత తన స్టాపులో దిగడానికి పోతే ఇద్దరూ బతిమాలి ఇంకో నాలుగు స్టాపులు కూర్చోబెట్టారట. ఎడమచెవి డ్రైవరుకి డిపోలోకెల్లా సన్నగొంతు కండక్టరమ్మ పడింది. బస్సు పదకొండు స్టాపుల్లో ఆగలేదు, ఆమె గొంతు మధ్యాహ్నానికి ఆగిపోయింది. పెద్ద గుమాస్తా ఏమన్నాడో అదే.

మోకాలు డ్రైవరుకి అరవై ఒక్క స్టాపుల రూటు పడింది. తిరిగొచ్చి, కుంటుకుంటూ సరాసరి ట్యాగు బాబు దగ్గరికెళ్లి, కాలెత్తి బల్లమీద పెట్టాడు.

"ఏంటిది?" అన్నాడు ట్యాగు బాబు.

"మోకాలు. సమానంగా పంచుకుందామని తెచ్చా."

శుక్రవారానికి అతని బల్లముందు వరస కట్టారు. ఒక్కొక్కడిదీ ఒక్కో కత. అతను చార్టక్క వైపు తిరిగి, "అక్కా, వీళ్లకి కాస్త చెప్పండి" అంటే, "నా సామాన్లు సర్దుకుంటున్నా బాబూ" అని, సర్దిందే సర్దింది. ఆ రెండు రోజులూ ఆమె టీ వేడివేడిగా తాగింది.

శనివారం పదకొండింటికి హెడ్డాఫీసు మేడం వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టు, మాట తక్కువ. విశ్రాంతి గదిలో గోడమీద తెల్లగుడ్డ కట్టి ట్యాగు బాబు బొమ్మలు చూపిస్తున్నాడు. బొమ్మలకంటే ముందు జనం నిండారు. సెలవులో ఉన్నవాళ్లు కూడా వచ్చారు. అయిదో బొమ్మకే మోకాలు డ్రైవరు లేచాడు, తర్వాత బావ లేచాడు, బావ లేచాడని బావమరిదీ లేచాడు.

మేడం చెయ్యెత్తింది. "పాత పద్ధతిలో ఈ గొడవలు లేవా?"

మేనేజరు నసిగాడు. "లేవు మేడం. కానీ ఆ ప్రోగ్రాం డిస్కు పోయి..."

"డిస్కు పోలేదు," అంది చార్టక్క వెనక నుంచి.

కళ్లజోడు డబ్బా తెరిచింది. కాగితం మడతలు విప్పింది. డ్యూటీ రిజిస్టరు చదివినట్టే చదివింది, ఎక్కువా తక్కువా లేకుండా. ఈ టైముకి ఈ లైను. దానర్థం ఇది. పనిముట్టు ఆగింది. ఇతను ఫోర్స్ అన్నాడు. పదకొండూ యాభై రెండుకి చూసుకున్నాడు. రెండింటికి పెన్‌డ్రైవ్ ఇతనే పెట్టాడు.

ట్యాగు బాబు చెయ్యి ట్యాగు మీదికెళ్లింది. "అక్కా... పొరపాటక్కా. భయమేసింది. చెప్దామనే అనుకున్నా."

ఆమె మూడు వారాల్లో మొదటిసారి అతన్ని నువ్వు అంది. "పొరపాటు పదకొండూ ముప్పై తొమ్మిదికి చేశావు. అది నేను అప్పుడే వదిలేశాను. రెండింటికి చేసింది పొరపాటు కాదు. దాని పేరేంటో నువ్వే చెప్పు, వీళ్లందరూ వింటారు."

వెనక నుంచి బావమరిది, "చెప్పమనండి ఆయన్ని" అన్నాడు, అలవాటు కొద్దీ ఎవరితోనో. ఎవరూ నవ్వలేదు.

"వేరే వాణ్ణి పంపించమంటాను," అంది మేడం.

"వద్దండీ. ఈయనే ఉండాలి," అంది చార్టక్క. "నా నియమాలు ఈయనే మళ్లీ రాయాలి. నేను ఒక్కటి కూడా చెప్పను. నూట పన్నెండు మందున్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, నిలబడి, అడిగి రాసుకోవాలి. పోయిన సామాన్ల గదికి కూడా నేను వెళ్లను. పోగొట్టింది ఎవరో ఆయన్ని పంపండి."

మేడం కాగితం తీసుకుని, ఇంకోసారి చదివి, మేనేజరు చేతికిచ్చింది. "అలాగే కానివ్వండి," అంది. మేనేజరు ఆ కాగితాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

పంతొమ్మిది రోజులు పట్టింది. ట్యాగు బాబు పుస్తకం పట్టుకుని ఎండలో, వానలో, డీజిలు మరకల మధ్య బస్సు బస్సుకీ తిరిగాడు. పనిలో ఉన్న మనిషి ఆగడు కదా, కదిలే బస్సుల్లో నిలబడి రాసుకున్నాడు. బావ తన తొమ్మిదేళ్ల కత గంటసేపు చెప్పాడు. బావమరిది తన వైపు కత గంటన్నర చెప్పి, "ఆయనేం చెప్పాడు?" అని అడిగి, విని, మళ్లీ మొదటినుంచి చెప్పాడు. మోకాలు డ్రైవరు రోజూ కొత్త నొప్పొకటి గుర్తుచేసుకున్నాడు. చార్టక్క చేత్తో చార్టు వేస్తూ కిటికీలోంచి చూసేది. ఆమెకి అలుపనేదే రాలేదు.

పద్దెనిమిదో రోజు అతను ఫైలు చూపించాడు. రెండు వందల తొంభై ఆరు నియమాలు. ఎడమచెవి డ్రైవరు నియమం కింద ఒక లైను అదనంగా ఉంది. 'ఇతని పక్కన సన్నగొంతు కండక్టర్ని పెడితే బస్సు ఆగదు, కండక్టరు గొంతే ఆగుతుంది.'

"ఇదెక్కడిది?" అంది ఆమె.

"ఆయనే చెప్పాడక్కా. పెద్ద గుమాస్తా గారు రోజూ ఆటపట్టించేవారట. గుర్తుంచుకున్నాడు."

ఆమె ఆ లైను రెండుసార్లు చదివింది. అతను ఆశగా చూస్తున్నాడు.

"ఒకటి దొరికింది," అంది. "మిగతా నలభై ఏవి?"

పంతొమ్మిదో రోజు అతను వెళ్లిపోవాలి. సంచీ సర్దుకున్నాడు. రెండయింది. తాళాలు గలగలమంటున్నాయి. చార్టక్క మేకు మీంచి పెన్‌డ్రైవ్ తీసింది. ఇప్పుడు మేకుకి రెండుంటాయి, సరి తేదీకి ఒకటి, బేసి తేదీకి ఒకటి. ఆమె రావడం చూసి అతను అలవాటుగా కుర్చీ జరిపాడు. చెయ్యి కూడా సగం చాచి, ఆగిపోయాడు.

"నువ్వు లేచి బయట నిలబడు," అంది.

"అక్కా, నేనేం ముట్టుకోను."

"బయట నిలబడు."

వెళ్లి గుమ్మం అవతల నిలబడ్డాడు, సంచీ భుజాన, ట్యాగు మెడలో. తాళాలకోసం వచ్చిన డ్రైవర్లంతా అతన్ని చూసుకుంటూ పక్కనున్న తాళాల గదిలోకెళ్లి, చూసుకుంటూ బయటికొచ్చారు. మోకాలు డ్రైవరు ఒక నిమిషం పక్కన నిలబడి, "కాళ్లు నొప్పిగా ఉన్నాయా?" అని పరామర్శించి మరీ పోయాడు.

కాపీ అవడానికి పట్టేది నలభై సెకన్లు. చార్టక్క టీ తెప్పించుకుంది. చివరి గుక్క దాకా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు తలుపు తీసి, "ఇక వెళ్లు" అంది.